కల్చర్ రిపోర్టులో "ఏమీ లేదు" అంటే ఏమీ లేనట్టేనా?

మన సమావేశాల్లో తరచు వినిపించే మాట ఒకటుంది: "సాక్ష్యం చూపించండి, నమ్ముతాం." మంచి మాటే. నేను ముప్పై ఏడేళ్ళు రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఓచరు లేని ఖర్చును ఒప్పుకోవడం నా వల్ల కాదు. అయితే ఆ ఉద్యోగమే నాకు ఇంకో సంగతి కూడా నేర్పింది. ఏదైనా యూనిట్ నుంచి "నిల్ రిపోర్టు" వచ్చిందంటే దానికి రెండు అర్థాలుంటాయి. ఒకటి, నిజంగానే ఏమీ లేదు. రెండు, చూడాల్సిన చోట ఎవరూ చూడలేదు. కాగితం మీద ఈ రెంటికీ తేడా కనబడదు. "నిల్వలో తేడా లేదు" అని సంతకం పెట్టినాయన లెడ్జరు మాత్రమే చూశాడా, గోదాము తలుపు కూడా తీయించాడా అనేది ఆ రిపోర్టులో ఉండదు. మనమే అడగాలి.

ఈ వ్యాసం ఆ రెండో రకం నిల్ రిపోర్టు గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే గాలి తగిలితే చచ్చిపోయే బాక్టీరియా గురించి. మన పాఠ్యపుస్తకాల్లో వీటిని అవాయు బాక్టీరియా అంటారు. బీకాం చదివినవాడికి బాక్టీరియాతో ఏం పని అని అడిగే మిత్రులకు ముందే జవాబు చెప్తున్నాను. మా కుటుంబంలో ఒకరి కాలు పోయింది. మా అత్తగారి ఊళ్ళో ఒక ముసలామె ఊరొదిలి వెళ్ళిపోయింది. ఈ రెండు నష్టాల వెనకా ఈ జీవుల గురించి జనానికి తెలియకపోవడం ఉంది. అప్పట్నుంచి దొరికినవన్నీ చదువుతూ, డాక్టర్లయిన మిత్రుల్ని విసిగిస్తూ వచ్చాను.

2014లో జరిగింది ఇది. మా బావమరిది వ్యవసాయం చేసేవాడు, తొమ్మిదేళ్ళుగా షుగరు ఉంది. అరికాళ్ళలో స్పర్శ సరిగా ఉండేది కాదు. పొలంలో తుమ్మముల్లు చెప్పు లోంచి దిగితే రెండ్రోజుల దాకా చూసుకోలేదు. వాచాక ఏదో ఆకుపసరు కట్టారు. ఆ తర్వాత ఆరెంపీ డాక్టరు ఐదు రోజులు జెంటామైసిన్ సూదులు వేశాడు. వాపు తగ్గలేదు సరికదా పుండు నల్లబడింది. దానితో పాటు కంపు మొదలైంది. మామూలు చీము వాసన కాదు, వీధి వాకిట్లోకే వచ్చే కంపు. పక్క పట్నంలో ఒక ల్యాబ్ వాళ్ళు పుండు మీద దూదిపుల్లతో అద్ది తీసుకెళ్ళారు. రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది: "బాక్టీరియా పెరగలేదు."

ఇక చూడండి! ఊళ్ళో మంత్రగాడు ఒకడున్నాడు. "ల్యాబ్‌కే దొరకని రోగమంటే మీకింకా అర్థం కాలేదా? బతికున్న మనిషి ఒంట్లోంచి శవం కంపు వస్తోందంటే అది చేతబడి కాక ఏమిటి?" అన్నాడు. ఎవరు చేశారన్న ప్రశ్నకు జవాబు కూడా వాడి దగ్గరే ఉంది. పక్క వీధిలో ఒంటరిగా ఉండే ఒక ముసలామె. నెల క్రితం గట్టు తగాదాలో మా బావమరిదిని ఏదో శాపనార్థం పెట్టిందట. చేతబడి పేరు చెప్పి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం కనుక, ఆ మాట ఎక్కడిదాకా పోగలదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను సెలవు పెట్టి వెళ్ళేసరికి మా అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "అల్లుడుగారూ, మీరు ఇవన్నీ నమ్మరని నాకు తెలుసు. నమ్మకపోతే పోనీండి. ఈ కంపు ఎక్కడినుంచి వస్తోందో చెప్పండి. రోగమే అయితే ల్యాబ్ వాళ్ళకి ఎందుకు దొరకలేదో అది కూడా చెప్పండి" అన్నారు.

ఆవిడ మూడో తరగతి చదివారు. కానీ ఆ రెండు ప్రశ్నలూ చాలా సరైన ప్రశ్నలు. "మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తే వాటికి జవాబు చెప్పినట్టు కాదు. ఆ పూటే అతన్ని కారులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. సర్జన్ వాపు మీద వేలితో నొక్కితే చర్మం కింద బుడగలు చిట్లినట్టు చిటపటమంది. ఎక్స్‌రేలో కండరాల మధ్య గాలి పొరలు కనబడ్డాయి. ఆ రాత్రే మోకాలి కింద దాకా కాలు తీసేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది. లోపలి నుంచి తీసిన కండ ముక్కను ఆయన దూదిపుల్లతో కాకుండా, ఉడికించిన మాంసం ముక్కలున్న చిన్న సీసాలో వేసి పంపారు. ఆరు రోజులకు రిపోర్టు వచ్చింది. ఒకటి కాదు, మూడు రకాల బాక్టీరియా. అందులో రెండు గాలి గిట్టనివి.

అదే కాలు, అదే రోగం. ఒక రిపోర్టులో సున్నా, ఇంకో రిపోర్టులో మూడు. ఎందుకని?

దీని మూలం 1861లో ఉంది. ఆ ఏడు లూయీ పాశ్చర్ వెన్న మురిగినప్పుడు వచ్చే బ్యుటిరిక్ ఆమ్లాన్ని పుట్టించే సూక్ష్మజీవుల్ని సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. గాజుపలక మీది చుక్కలో, గాలి తగిలే అంచుల దగ్గరున్న జీవులు కదలడం మానేశాయి. చుక్క నడుమ ఉన్నవి మాత్రం చురుగ్గా ఈదుతున్నాయి. గాలి లేకుండా బతకడమే కాదు, గాలి తగిలితే చచ్చే ప్రాణులు కూడా ఉన్నాయని అలా తేలింది. గాలే ప్రాణమని తరతరాలుగా నమ్మిన లోకానికి ఇది మింగుడుపడని సంగతే.

ఆక్సిజన్ వాటినెందుకు చంపుతుంది? ఆక్సిజన్ కణంలోకి వెళ్ళాక సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి విషాలుగా మారుతుంది. మన కణాల్లో వాటిని విరిచేసే ఎంజైములున్నాయి. అవాయు జీవుల్లో చాలావాటికి ఆ ఎంజైములు లేకపోవడమో, చాలినంత లేకపోవడమో జరుగుతుందని 1971లో మెకార్డ్, కీల్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. అన్నీ ఒక్కలాంటివి కావనుకోండి. కొన్ని క్షణాల్లో చస్తాయి, బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ లాంటివి కొంతసేపు ఓర్చుకుంటాయి.

ఇప్పుడు మా ఇంటి నిల్ రిపోర్టు చూడండి. దూదిపుల్లకు అంటిన పలచటి తడి, చుట్టూ గాలి, దారిలో గంటలు, ఆ తర్వాత గాలి తగిలే పళ్ళెంలో రెండు రోజులు. చేపను ఒడ్డున పడేసి, రెండ్రోజుల తర్వాత వచ్చి "ఈ చెరువులో బతికున్న చేప లేదు" అని రాసినట్టు! ఆ ల్యాబ్ వాళ్ళేమీ దొంగ రిపోర్టు ఇవ్వలేదు. వాళ్ళు చూసినంతలో లేదు, అంతే. వీటికోసం వెతికేవాళ్ళు చీమును సిరంజిలోకి లాగి గాలి తీసేసి పంపుతారు, లేదా కండ ముక్కనే పంపుతారు. ల్యాబ్‌లో గాలి తీసేసిన జాడీల్లో పెంచుతారు, రోజుల తరబడి ఆగుతారు. ఉడికించిన మాంసం సీసా మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మ్యూరియల్ రాబర్ట్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరుతో స్థిరపడ్డ పద్ధతి. మన దేశపు ల్యాబుల్లోనూ వాడతారు. విశేషమేమిటంటే, కంపు కొట్టే చీములో మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, తెలిసిన డాక్టరుకు ఆ "ఏమీ లేదు" అనేదే ఒక ఆధారం. అవాయు జీవులున్నాయేమో చూడమని అది చెప్తుంది. మంత్రగాడు చేతబడికి రుజువన్న కాగితాన్ని డాక్టరు బాక్టీరియాకు రుజువుగా చదువుతాడన్నమాట.

ఈ పొరపాటు మన పల్లె ల్యాబులకే పరిమితం కాదు. 1898లోనే పారిస్‌లో వెయాన్, జూబర్ అనే ఇద్దరు అపెండిసైటిస్ చీములో అవాయు జీవులున్నాయని చూపించారు. మనవాళ్ళు "ఇరవైనాలుగు గంటల నొప్పి" అని భయపడే రోగం అదే. అయినా పెంచడం కష్టమనే కారణంతో దశాబ్దాల పాటు ఆసుపత్రులు వీటిని దాదాపు మర్చిపోయాయి. ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవుల్ని చదవడానికి రాబర్ట్ హంగేట్ అనే అమెరికన్ కనిపెట్టిన పద్ధతులు 1960ల తర్వాత మనుషుల రోగాలకు పనికొచ్చాయి. లాస్ ఏంజెలెస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన సిడ్నీ ఫైన్‌గోల్డ్ లాంటివాళ్ళు, "క్రిమి లేని చీము" అని పక్కన పెట్టినవాటిలో గుంపులు గుంపులుగా జీవులున్నాయని చూపించారు. నిల్ రిపోర్టుల్ని మళ్ళీ ఆడిట్ చేసినవాళ్ళు వీళ్ళు.

ఇక మా అత్తగారి మొదటి ప్రశ్న, కంపు సంగతి. అవాయు జీవులు ఆక్సిజన్ వాడకుండా ఆహారాన్ని పులియబెట్టి బతుకుతాయి. ఆ క్రమంలో బ్యుటిరిక్, ఐసోవాలెరిక్ లాంటి ఆమ్లాలు వదుల్తాయి. మొదటిది మురిగిన వెన్న కంపు, రెండోది చెమట పట్టిన మేజోళ్ళ కంపు. మాంసకృత్తులు కుళ్ళితే పుట్రెసిన్, కెడావరిన్ అనేవి పుడతాయి. శవం కంపు వీటిదే. మంత్రగాడి ముక్కు తప్పు చెప్పలేదు, వాడు చెప్పిన కారణమే తప్పు. నేను ఆవిడతో "అత్తయ్యగారూ, వెన్న నాలుగు రోజులు బయట పెడితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడ ఎవరూ చేతబడి చెయ్యలేదుగా" అన్నాను. రెండో రిపోర్టు చూపించి, మొదటి దానిలో ఎందుకు రాలేదో కూడా విడమరిచి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ ముసలిదాన్ని అన్న మాటలు..." అని ఆగిపోయారు.

అప్పటికే ఆలస్యమైంది. ఆ ముసలామె తలుపుకి తాళం వేసి కూతురి ఊరు వెళ్ళిపోయింది. మా అత్తగారు మనిషిని పంపి కబురు పెట్టినా రాలేదు. ఆమె మీద చెయ్యి పడకముందే వెళ్ళింది, అదొక్కటే ఊరట.

సరే, మరి ఈ జీవులు ఎక్కడినుంచి వచ్చాయి? ఇక్కడే అసలు ఆశ్చర్యం. వీటిలో చాలా భాగం బయటినుంచి రావు, మన ఒంట్లోనే ఉంటాయి. పెద్దపేగులో గ్రాము పదార్థానికి పదివేల కోట్ల దాకా బాక్టీరియా ఉంటే, అందులో గాలి గిట్టనివే అత్యధికం. చిగురుకీ పంటికీ మధ్య సందులో, పళ్ళ గార అడుగున, చర్మపు నూనె గ్రంథుల్లో కూడా ఉంటాయి. నోరు తెరిస్తే గాలి తగుల్తుంది కదా అంటారేమో. గార పై పొరలో ఉండే జీవులు ఆక్సిజన్‌ని వాడేసుకుంటాయి, అడుగునున్నవాళ్ళకి కొంచెం కూడా మిగలదు.

అంకెల మాట వచ్చింది కనుక ఇంకోటి. "మన ఒంట్లో మన కణాల కంటే బాక్టీరియా పది రెట్లు ఎక్కువ" అని మన ఉపన్యాసకులు కూడా చెప్తుంటారు. ఒక సభలో నేను లేచి "ఓచరు ఏది?" అని అడిగితే నవ్వారు. ఆ అంకెకు మూలం 1972లో థామస్ లకీ అనే ఆయన వేసిన అంచనా. గ్రాముకి పదివేల కోట్లు, జీర్ణనాళంలో సరుకు వెయ్యి గ్రాములు, హెచ్చవేసేయండి అన్నాడు. పెద్దపేగులోని సాంద్రత నాళం అంతటా ఉన్నట్టు లెక్కగట్టాడన్నమాట. 2016లో సెండర్, ఫుక్స్, మైలో అనే ముగ్గురు ఆ పద్దును తిరగేసి చూశారు. బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేల్చారు. 2020-21 కేంద్ర బడ్జెట్ అంచనా 30.42 లక్షల కోట్ల రూపాయలు, 2022-23ది 39.45 లక్షల కోట్లు. ఆ రెండు బడ్జెట్ల మధ్య ఎంత తేడా ఉందో, మనకీ మన బాక్టీరియాకీ మధ్య దాదాపు అంతే. వాటి మొత్తం బరువు కూడా 200 గ్రాములే. మనం ఇష్టపడే శాస్త్రం పేరుతో వచ్చినా సరే, అంకెకు ఓచరు అడగాల్సిందే.

ఇన్ని ఉండీ మనమెందుకు చావడం లేదంటే, అవి ఉండాల్సిన చోట ఉన్నంతకాలం మేలే చేస్తాయి. పీచు పదార్థాన్ని పులియబెట్టి పేగు గోడకు ఆహారం ఇస్తాయి, కొత్తగా వచ్చే శత్రువులకు చోటు లేకుండా చేస్తాయి. ఇల్లు మారినప్పుడే గొడవ. అపెండిక్స్ పగిలినా, పిప్పిపన్ను కింద చీము మెడలోకి దిగినా, మత్తులో ఉన్నవాడి ఉమ్మి ఊపిరితిత్తిలోకి పోయినా, రక్తం సరిగా అందని షుగరు కాలికి గాయమైనా అవి కొత్తచోట చేరతాయి. రక్తం అందని చోట ఆక్సిజనూ ఉండదు. బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ పెద్దపేగు జనాభాలో నూటికి ఒకటో రెండో వంతు. కానీ పొట్టలో చీముగడ్డలు కట్టినప్పుడు అవాయు జీవుల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది అదే. దాని ఒంటి మీది చక్కెర తొడుగే చీముగడ్డ కట్టడానికి కారణమని తేల్చారు. సంఖ్యకీ హానికీ సంబంధం ఉండాలని లేదు. పెద్ద పద్దుల్లో కంటే చిల్లర పద్దుల్లోనే మోసం దొరకడం మాకు కొత్త కాదు.

1970ల్లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. ఎలుకల కడుపులో పేగు మలాన్ని పెడితే, మొదటి రోజుల్లో కొన్ని గాలి పీల్చగల బాక్టీరియా వల్ల రక్తం విషమై చచ్చాయి. బతికినవాటికి తర్వాత చీముగడ్డలు కట్టాయి, అవి అవాయు జీవుల పని. జెంటామైసిన్ ఒక్కటే ఇస్తే చావులు తగ్గాయి, గడ్డలు మాత్రం కట్టాయి. క్లిండామైసిన్ ఒక్కటే ఇస్తే గడ్డలు తగ్గాయి, చావులు ఆగలేదు. రెండూ కలిపి ఇస్తేనే రెండూ తగ్గాయి. మా బావమరిదికి ఐదు రోజులు వేసిన జెంటామైసిన్ గుర్తుందా? ఆ మందు బాక్టీరియా లోపలికి వెళ్ళాలంటే ఆ జీవి ఆక్సిజన్ వాడుతూ ఉండాలి. వాడని జీవి దగ్గర మందు గుమ్మంలోనే ఆగిపోతుంది.

దీనికి తిరగేసిన మందు మనందరికీ తెలిసిన మెట్రోనిడజోల్. విరేచనాలకు మందులషాపులో అడిగి మింగే మాత్ర. ఆక్సిజన్ లేని కణంలోనే అది విషంగా మారుతుంది. ఇది ముందు వేరే రోగానికి వచ్చిన మందు. 1962లో షిన్ అనే బ్రిటిష్ దంతవైద్యుడు, స్త్రీల వ్యాధికి ఈ మందు వాడిన ఒకామెకు చిగుళ్ళ పుండు కూడా తగ్గిందని రాశాడు. ఆమె చెప్పిన మాటను ఆయన "కాకతాళీయం" అని వదిలెయ్యలేదు, మరికొందరికి ఇచ్చి చూశాడు. అలా అవాయు జీవులకు మందు దొరికింది. "మా తాతకు తగ్గింది" అనే మాటకూ దీనికీ తేడా ఆ ఇచ్చి చూడటంలోనే ఉంది. అయితే ఏ మందునైనా అయినదానికీ కానిదానికీ మింగితే పేగులో మంచి జీవులు పోయి, క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే ఇంకో అవాయు జీవి విజృంభించి ప్రాణం మీదికి తేగలదు. యాంటీబయాటిక్స్ తర్వాత వచ్చే ఆ తీవ్ర విరేచనాలకు కారణం అదేనని 1978లో తేలింది.

ఈ కుటుంబంలో బయటినుంచి వచ్చేది ధనుర్వాతం. దాని బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. తుప్పు చేసేదేమీ లేదు, మేకు లోతుగా దిగి గాలి చొరని గాయం చేస్తుంది, అంతే. పుట్టిన బిడ్డ బొడ్డు మీద పేడో బూడిదో పెట్టే ఆచారం ఎన్ని ప్రాణాలు తీసిందో! 1988లో ప్రపంచంలో 7,87,000 మంది పసికందులు దీనితో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్ల 2015లో భారతదేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలన స్థాయికి తెచ్చినట్టు ధ్రువీకరించారు. రెండో ప్రపంచ యుద్ధంలో టీకా వేసిన అమెరికా సైన్యంలో ధనుర్వాతం కేసులు 12 మాత్రమే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. నిర్మూలన అంటే మట్టిలోంచి పోయిందని కాదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటేది కాదు కనుక పక్కింటివాళ్ళు టీకా వేయించుకుంటే మనకు రక్షణ రాదు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు కూడా రక్షణ రాదు. ఎవరి టీకా వాళ్ళే వేయించుకోవాలి.

మిత్రులారా, చేతబడి మీద ఊళ్ళలో కార్యక్రమాలు పెట్టినప్పుడు మనం నిమ్మకాయలోంచి రక్తం తెప్పిస్తాం, అరచేతిలో కర్పూరం వెలిగిస్తాం. అవి చెయ్యండి. వాటితో పాటు, ఆ ఊళ్ళో నయం కాని పుండున్నవాళ్ళు ఉన్నారేమో అడగండి. షుగరు ఉన్నవాళ్ళను రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోమని, కంపు మొదలైతే మర్నాటి దాకా ఆగొద్దని చెప్పండి. ఎవరైనా "రిపోర్టులో ఏమీ లేదు" అని కాగితం చూపిస్తే మూడు ప్రశ్నలు వెయ్యండి: ఎక్కడి నుంచి తీశారు, ఎలా పంపారు, దేనికోసం వెతికారు? మంత్రగాడి గారడీని బయటపెడితే వాడి పరువు పోతుంది. పుండుకు కారణం చెప్పగలిగితే వాడి దగ్గరకు వెళ్ళే అవసరమే పోతుంది. ఆ రోజు మా అత్తగారు అడిగింది రెండోదే.